కడాయి కాశన్నను చంపిన పాపం

తెలివితక్కువ పనులు నేను చాలానే చేశాను. కొన్నింటిని మా ఇంట్లోవాళ్ళు మరిచిపోయారు, కొన్నింటిని నేను మరిచిపోయినట్టు నటిస్తున్నాను. కానీ నా ఫోటోకు దండ వేసిన సంతాప సభకు నేనే కుర్చీలు మోసుకెళ్ళిన సంగతి మాత్రం శంషాబాదులో ఎవరూ మరిచిపోలేదు, మరిచిపోనివ్వరు కూడా. ఆ సభ జరిగినప్పుడు నేను బతికే ఉన్నాను. ఇప్పుడూ ఉన్నాను. అనుమానముంటే చివరిదాకా చదవండి. చచ్చినవాడు కథను ఇంత సాగదీయలేడు.

అప్పటికి నాకు పాతికేళ్ళు దాటాయి, పొగరు ఇంకా దాటలేదు. మాది రావిర్యాల. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక సరుకుల గోదాములో గుమాస్తాగా పనిచేస్తూ, శంషాబాదులో ఖైరున్నీసా ఆపా ఇంటి మేడమీద గదిలో కిరాయికుండేవాణ్ణి. పగలంతా ఇతరుల సరుకు ఎగుమతి చేసేవాణ్ణి, సాయంత్రమైతే నా సొంత సరుకు. అంటే కథలు. ఇంటర్నెట్టులో వచ్చే ఒక చిన్న వారపత్రికలో ప్రతి శుక్రవారం నా చారిత్రక సాహస సీరియల్ వచ్చేది. గోల్కొండ కోట, ముట్టడి, సొరంగాలు, కత్తులు, గుర్రాలు. కథానాయకుడు రణధీరుడు. విశాలమైన ఛాతీ, కోసు ముక్కు, ఉంగరాల జుట్టు. రాసేటప్పుడు అద్దం ముందు పెట్టుకునేవాణ్ణని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఛాతీకి, పొట్టకు మధ్య జరిగిన చిన్న స్థానభ్రంశాన్ని మాత్రం కలంతో సరిచేసుకున్నాను.

రణధీరుడికి ఆకలేస్తుంది కదా, ఎవరో ఒకరు వండిపెట్టాలి కదా అని దారిలో ఒక వంటవాణ్ణి తగిలించాను. పేరు కాశన్న. బండి దొరకక కడాయిని వీపుకు కట్టుకుని సైన్యం వెంట నడిచేవాడు. వెనకనుంచి బాణమొస్తే కడాయికి తగిలి టంగుమనేది. బాణం తీసి పారేసి అదే కడాయిలో ఉల్లిగడ్డలు వేయించేవాడు. వాడి పని అంతవరకే అనుకున్నాను. నేను అనుకున్నాను. పాఠకులు అనుకోలేదు.

నా పాఠకులెవరో చెప్పాలి. మా గోదాము వెనక ఒక పెద్ద ఖాళీ జాగా ఉండేది. విమానం దిగినవాళ్ళను ఎక్కించుకోవడానికి తమ వంతు వచ్చేదాకా క్యాబులన్నీ అక్కడ నిలబడేవి. గంటలకు గంటలు. డ్రైవర్లలో యాదగిరి అనే ఆయనది మైకు అక్కర్లేని గొంతు. మా ఆపా కొడుకు ఖాజా కూడా అక్కడే క్యాబు నడిపేవాడు. అతనికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అతని కోసం యాదగిరి నా సీరియల్‌ను ఫోనులో చూస్తూ పైకి చదవడం మొదలుపెట్టాడు. ఖాజా చుట్టూ ఇంకొందరు చేరారు. కొన్నాళ్ళకు శుక్రవారం సాయంత్రమైతే అది చిన్న జాతరైపోయింది. నేను గోదాము కిటికీలోంచి ఆ గుంపును చూసి ఉప్పొంగిపోయేవాణ్ణి. అద్దంలో చూసినప్పుడు కనబడని ఛాతీ వైశాల్యం ఆ కిటికీ దగ్గర నాకు తెలిసొచ్చేది.

ఇంతలో మా సంపాదకురాలు సులోచనగారు అత్తాపూర్ నుంచి ఫోన్ చేశారు. గోదావరి జిల్లా మనిషి, మాట ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టుండేది.

"మీ సీరియల్‌ని పుస్తకంగా వేద్దామనుకుంటున్నానండీ. కానీ పాఠకులు నిజంగా ఉన్నారో లేదో తెలియకుండా ఎలా వేస్తాను చెప్పండి?"

"ఉన్నారా అంటారేంటి మేడం! ఒక మైదానం నిండా ఉన్నారు. రణధీరుడంటే ప్రాణమిస్తారు."

"అయితే ఒకసారి వచ్చి చూస్తానండీ."

వచ్చే నెలలో ఒక ఆదివారం అనుకున్నాం, యాదగిరికీ ఆ సంగతి చెప్పాను. నా మొదటి పుస్తకం! ఆ సంతోషంలో, ప్రాణమిచ్చేవాళ్ళ మాటలు చెవులారా విందామని ఆ శుక్రవారం టీ గ్లాసు పట్టుకుని ఒక కారు వెనక నక్కి నిలబడ్డాను. నా బతుకులో నేను చేసిన మొదటి, చివరి గూఢచర్యం అదే.

యాదగిరి చదువుతున్నాడు. "'అస్తమించే సూర్యుడు రణధీరుని విశాల వక్షస్థలమును కుంకుమ కాంతులతో అభిషేకించుచుండగా...' ఇగ దాటేస్తున్న."

"దాటెయ్, దాటెయ్. సూర్యుడు దినాం మునుగుతడు. కాశన్న యాడున్నడు?" ఇది ఖాజా.

"ఆగురా బై, దేవులాడుతున్న. 'ఓ జన్మభూమీ' అంటుండు గీయన."

"ఎంతసేపంటడు?"

"రెండు పేజీలు అంటుండు."

"అననియ్ పాపం. మనం ముందటికి పోదాం."

యాదగిరి బొటనవేలు కదిలింది. అన్నం మానేసి రాసిన నా జన్మభూమి సంబోధన రన్‌వే మీంచి లేచిన విమానంలా పైకెగిరి మాయమైపోయింది.

"దొరికిండు!" అన్నాడు యాదగిరి. అందరూ దగ్గరికి జరిగారు. "'రణధీరుడు గుర్రం దిగగానే కాశన్న అడ్డమొచ్చి అడిగాడు: గెలిచినవా ఓడినవా తర్వాత చెప్పు. తిన్నవా?'"

ఈలలు, నవ్వులు. ఒకాయన మెడలోని తువ్వాలుతో కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నా చేతిలో టీ చల్లారింది. నా ఒళ్ళు మాత్రం కాగింది.

లోకంలో పక్కింటివాణ్ణి చూసి ఏడ్చేవాళ్ళున్నారు, పై ఆఫీసరును చూసి ఏడ్చేవాళ్ళున్నారు. నా చేత్తో నేనే పుట్టించిన వంటవాణ్ణి చూసి ఏడ్చింది బహుశా నేనొక్కణ్ణే. పైగా భయం. సులోచనగారి ముందు వీళ్ళంతా రణధీరుణ్ణి వదిలేసి ఉల్లిగడ్డల గురించి మాట్లాడితే? నా హీరో ఏం కాను, నా పుస్తకమేం కాను? బాగా ఆలోచించి, అంటే ఏమాత్రం ఆలోచించకుండా, ఒక నిర్ణయానికి వచ్చాను. ఆదివారం ఆవిడొస్తుందనగా ముందు శుక్రవారం, కాశన్నను నీళ్ళ కోసం కోట చుట్టూ ఉన్న అగడ్త దగ్గరికి పంపాను. అక్కడొక మొసలి ఉంది. రెండే రెండు వాక్యాలు. సూర్యాస్తమయానికి రెండు పేజీలిచ్చినవాణ్ణి, మనిషి ప్రాణానికి రెండు వాక్యాలిచ్చాను. సీరియల్ రచయితగా ఉన్నవాణ్ణి ఆ సాయంత్రంతో సీరియల్ కిల్లర్‌నయ్యాను.

కాసేపటికే యాదగిరి ఫోన్.

"రైటర్ సాబ్, ఒక్క మాట. మొసలి మింగిందా, గుంజుకపోయిందా?"

"ఏదైతే ఏందన్నా? సచ్చిపోయిండు."

"గట్లెట్ల? మింగాల్నంటే ఈపు మీద కడాయి అడ్డం పడ్తది గదా! నోరు మూతపడది."

"అన్నా, గది కథ."

"కథ అయితే కడాయి లేకుంట పోతదా? జర సాఫ్ చెప్పు."

"సచ్చిపోయిండన్నా. పక్కా."

యాదగిరి గొంతు తగ్గించాడు. "మంచిది. ఆదివారం మేడం వస్తది కదా. ప్రోగ్రాం మేము చూస్కుంటం. కుర్చీలు నువ్వు తే."

ఎంత మంచి మనసు అనుకున్నాను. పొగరు దాటలేదని చెప్పాను కదా, పొగరున్నచోట చూపుండదు.

ఆదివారం పొద్దున టెంట్‌హౌస్ ట్రాలీ ఆటోలో, ప్లాస్టిక్ కుర్చీల గుట్ట మీద సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని బయల్దేరాను. మైదానం మలుపు తిరిగామో లేదో ఆటో ఠక్కున ఆగింది. ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. 'కడాయి కాశన్నకు కన్నీటి వీడ్కోలు' అని అక్షరాలు. 'ఇట్లు, క్యాబ్ డ్రైవర్ సోదరులు' అని అడుగున వరుసగా పేర్లు. నడుమ బంతిపూల దండ వేసుకుని, గుండ్రటి మొహంతో చిరునవ్వు నవ్వుతున్న ఫోటో.

ఆ ఫోటో నాది.

ఆటో అతను ఫ్లెక్సీని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫ్లెక్సీని చూశాడు. "అన్నా... నువ్వు జర దిగుతవా?" అన్నాడు చాలా మర్యాదగా.

యాదగిరిని నిలదీశాను. "ఏందన్నా ఇది? నా ఫోటో ఏంది?"

"మేం చెయ్యలే. సావు వార్త రాసిన పేజీని ఫ్లెక్సీ షాపుకు పంపి, కాశన్నకు మంచిగ చెయ్యమన్నం. పేజీ మీద ఒక్కటే ఫోటో ఉండె, నీది. గాయన అదే పెట్టిండు."

"మరి మీరు చూసి చెప్పొద్దా?"

"చూసినం. కాశన్న లెక్కనే అనిపించిండు. అందరం అనుకున్నం, మొహం కరెక్ట్ సెట్టయిందని." నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఓదార్పుగా అన్నాడు. "గింత గుండ్రటి మొహం హీరోకు ఎట్లుంటది రైటర్ సాబ్?"

అద్దం అంతకాలం చెప్పలేకపోయిన మాటను ఫ్లెక్సీ చెప్పింది. నేను ఇంకా తేరుకోకముందే రోడ్డు మీంచి ఒక కేక. కూరగాయలు కొనుక్కుని వెళ్తున్న ఖైరున్నీసా ఆపా, ఆటో ఆపించుకుని, కన్నీళ్ళతో పరుగున వస్తోంది. ఆమెకు తెలుగు చదవటం రాదు. ఫోటో మాత్రం కనబడింది.

"హాయ్ అల్లా! పొద్దుగాల మెట్లు దిగిపోయిండు కదా! సలాం చేసిపోయిండు కదా!"

"ఆపా, ఆపా! నేను బతికే ఉన్న!"

ఆమె నన్ను చూసి గుండె మీద చెయ్యేసుకుని, కొత్తిమీర కట్టతో వీపు మీద ఒక్కటేసింది. "గిదేం తమాషా బేటా? జాన్ పోయింది నాకు!"

"అమ్మీ, పోయింది రైటర్ కాదు," అన్నాడు ఖాజా. "కాశన్న."

ఆమె మొహం మళ్ళీ మారింది. "కాశన్న? కడాయి కాశన్న?" ఖాజా ప్రతివారం ఇంటికెళ్ళి ఆమెకు కథ చెప్పేవాడని నాకు అప్పుడే తెలిసింది. ఆపా నేను తెచ్చిన కుర్చీలోనే కూలబడింది. నా కోసం కార్చిన కన్నీళ్ళకంటే ఈసారి ధార పెద్దదని గమనించాను. "ఎవరు చంపిండ్రు వాణ్ణి?"

మైదానంలో ఉన్న వేళ్ళన్నీ నావైపు తిరిగాయి.

"నా ఇంట్ల కిరాయికుండి గిట్ల చేస్తవా?"

సరిగ్గా అప్పుడు సులోచనగారు కారు దిగారు. ఫ్లెక్సీని చూశారు, ఏడుస్తున్న ఆపాను చూశారు, కొత్తిమీర అంటిన నా చొక్కాను చూశారు. "ఏమండీ, నేను వచ్చింది పాఠకుల సమావేశానికేనా?"

"మొన్నటిదాకా అదేనండీ," అన్నాను.

సభ మొదలైంది. బాలాపూర్ లడ్డూ వేలంపాటలో ఒకరిమీద ఒకరు పెంచుకుంటూ పోయినట్టు, కాశన్నను ఒకరిని మించి ఒకరు పొగిడారు. రెండు నిమిషాల మౌనం ఎవరూ పాటించమనలేదు. నెత్తిమీద విమానం వెళ్ళినప్పుడల్లా ఎవరి మాటా వినపడక అందరూ ఆగిపోయేవారు, తలలు వాటంతటవే వంగేవి.

చివర యాదగిరి లేచాడు. "మేం దినమంతా గీ జాగల పడి ఉంటం మేడం. ఎక్కెటోడు జల్ది పో అంటడు. దిగెటోడు లేటెందుకైంది అంటడు. తిన్నవా అని ఎవ్వడడగడు. కాశన్న ఒక్కడే అడుగుతుండె. గాయన అడిగింది రణధీర్‌నే గావచ్చు. మాకు మమ్ములనే అడిగినట్టుండె." ఇంకేదో అనబోయి కూర్చున్నాడు. అప్పుడు విమానమేదీ రాలేదు. అయినా తలలన్నీ వంగాయి.

సులోచనగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మరి రణధీరుడి గురించి ఎవరైనా...?"

ఖాజా నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఆయన కూడ మంచోడే మేడం. కాశన్న పెట్టింది వద్దనకుంట తింటడు."

"చూశారా," అన్నారు ఆవిడ నాతో. "మీ పాఠకులు నిజంగా ఉన్నారండీ. పుస్తకం వేస్తాను. కానీ కాశన్న బతికితేనే."

మైదానం ఈలలతో మోగింది. మొసలి నోట్లో కడాయి ఎట్లా ఇరుక్కుంటుందో యాదగిరి కారు టైరుతో చేసి చూపించాడు. అంతటితో వదల్లేదు, ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ప్రమాణం చేయించారు. కుడిచెయ్యి ముందుకు చాచి, నా దివంగత ఛాయాచిత్రం సాక్షిగా పలికాను: "రావిర్యాల వాస్తవ్యుడనైన నేను, ఇకమీదట నా ఏ కథలోనూ అన్నంపెట్టే చేతికి ఆపద రానివ్వను. ఎవరినైనా చంపి తీరవలసివస్తే హీరోనే చంపుతాను." ఆ రెండో వాక్యానికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి.

పుస్తకం వచ్చింది. అట్టమీద కాశన్న నిండుగా నవ్వుతుంటాడు. బొమ్మ వేసినాయనకు ఎవరో నా ఫోటో పంపారు. రణధీరుడు వెనకెక్కడో గుర్రం పగ్గం పట్టుకుని, అదీ సగం గుర్రం చాటున, ఉన్నాడు. ఇప్పుడా జాగా చుట్టూ గోడ లేచింది. శుక్రవారాలు మామూలు వారాలైపోయాయి. ఖాజా ఎప్పుడైనా ఫోన్ చేస్తే ముందుగా అడిగేది ఒక్కటే, "తిన్నవా రైటర్ సాబ్?" అని.

ఇంత జరిగినా నేనూ మనిషినే కదా. సభలో మాటిచ్చిన ప్రకారం, ఆ మరుసటి శుక్రవారమే కాశన్నను బతికించాను. ఎక్కడ బతికించానో మాత్రం చెప్పలేదు. రణధీరుడు కోటగోడ మీద నిలబడి చూసే సూర్యాస్తమయాన్ని మునుపటికంటే పొడవుగా, ఒక్క పేరా కూడా విడగొట్టకుండా రాసి, దాని నడుమ ఎక్కడో, కుంకుమ కాంతులకూ కెంజాయ మబ్బులకూ మధ్య, కాశన్న మొసలి నోట్లోంచి బయటపడే వాక్యాలు కుక్కేశాను. తర్వాత టీ తెచ్చుకుని గోదాము కిటికీ తెరిచి కూర్చున్నాను.

"దాటెయ్ యాదన్నా!" అంటున్నాడు ఖాజా.

"దాటేస్తే ఎట్లరా? గిండ్లనే యాడనో ఉన్నడట!"

యాదగిరి చదివాడు. విశాల వక్షస్థలమూ చదివాడు, జన్మభూమీ చదివాడు. ఇంజన్లు బందు చేసుకుని, చెవులు రిక్కించి, ఒక్క మాట పోనివ్వకుండా అందరూ విన్నారు. కాశన్న దొరకగానే మైదానమంతా ఎంత గట్టిగా అరిచిందంటే, ఎట్లా బయటపడ్డాడన్నది ఎవరికీ వినపడలేదు. "మళ్ళ మొదటికెళ్ళి చదువు!" అన్నారంతా.

ఆ సాయంత్రం నా సూర్యుడు రెండుసార్లు అస్తమించాడు.