చిటికి కట్టిన ఇంజన్లు

అమెరికాలో ఎప్పుడో మూతపడిన ఒక రైలు కంపెనీ ఆవిరి ఇంజన్లు నావేనని నేను కొన్నేళ్ళపాటు నమ్మాను. నా తెలివితక్కువతనం అక్కడ మొదలైంది కాబట్టి అక్కడే ఒప్పుకుంటున్నాను. ఆ దేశం నేను చూడలేదు. ఆ ఇంజన్లలో ఒక్కదాన్నీ చూడలేదు. నేను ఎక్కినవన్నీ మాకు దగ్గరి స్టేషన్ ఆలేరులో ఆగే పాసింజర్లు, అవీ వాటికి బుద్ధి పుట్టినప్పుడు ఆగేవి. అయినా ఒక మనిషి నలుగురి ముందు నిలబడి ఆ ఇంజన్లు తనవని చెప్పుకుంటే, ఇంట్లో సామాను ఎత్తుకుపోయినట్టు కుమిలిపోయాను. ఎత్తుకుపోయింది బయటివాడు కూడా కాదు, మా అక్క మొగుడు.

నా పని గ్రాఫు గీయడం. మా వైపు బట్ట మీద ఏ బొమ్మ రావాలన్నా ముందు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపాలి. ఆ గళ్ళ లెక్కన, ఆసు అనే చెక్క చట్రం మీద పోసిన నూలుకు రబ్బరు పట్టీలతో చిటికీలు కట్టాలి. కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పితే తెల్లగా మిగులుతుంది. ఆ నూలు మగ్గానికెక్కితే బొమ్మ బయటపడుతుంది. గ్రాఫు నాది, చిటికి నా భార్యది, మగ్గాలు మా బావవి. ఆయన మాస్టర్ వీవర్, అంటే స్వయంగా నేయని నేతగాడు. నేనూ ఒకప్పుడు నేసినవాణ్ణే. నడుము సహకరించక మగ్గం గుంటలోంచి కుర్చీలోకి వచ్చాను. మా వాడలో దాన్ని పైకి రావడం అన్నారు. ఎత్తు కొలిస్తే నిజమే.

తెలంగాణ వచ్చిన ఏడాది, రంగుల కోసం హైదరాబాదు పోయినప్పుడు ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. లోపల గళ్ళున్నాయి కదాని డిజైన్ల పుస్తకమనుకుని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అవి పట్టికలు. ఆ రైలు కంపెనీకి ఉండిన ఆవిరి ఇంజన్లన్నిటి జాబితా అది. ఒక్కో ఇంజన్‌కు ఒక్కో వరస: నంబరు, చేసిన కార్ఖానా, చక్రాలు, చివరి గడిలో దానికి పట్టిన గతి. మధ్యమధ్య పక్క నుంచి తీసిన ఫోటోలు. నా ఇంగ్లీషు కుంటిది. ఫోన్లో మాట మాట వెతుక్కుంటూ చదివాను. చివరి గడికి మాత్రం ఆ అవసరం తొందరగానే తప్పింది. పేజీల కొద్దీ ఒకటే మాట. తుక్కు, తుక్కు, తుక్కు. ఎక్కడో ఒకదాన్ని పార్కులో నిలబెట్టారని ఉండేది.

ఆ గడి నన్ను పట్టుకుంది. మా వాడ మగ్గాలకు అలాంటి పట్టిక ఎవరైనా రాస్తే చివరి గడిలో ఏం రాయాలో నాకు తెలుసు. పొయ్యిలోకి, పొయ్యిలోకి, గొడ్ల కొట్టం దూలానికి. ఒకటి పట్నంలో ఏదో హోటల్ ముందు అలంకారానికి. మా నాయిన మగ్గం మొదటి రకం. దాని కట్టెలతో కాచిన నీళ్ళు నేనే పోసుకున్నాను. కానీ అక్కడ ఎవరో కూర్చుని, పోయిన ప్రతి ఇంజన్‌కూ ఒక వరస రాసిపెట్టారు. మాకు రాసేవాడు లేడు. ఆ అసూయతోనే కాబోలు, ఆ ఇంజన్లను గ్రాఫుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

మొదటి గ్రాఫు చూసి నా భార్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత అడిగింది.

"గిదేంది, జెర్రినా?"

"ఇంజన్."

"గిన్ని కాళ్ళతోని యాడికి పోతది?"

తప్పు నాదే. ఆ పుస్తకంలో చక్రాలను ముందువి, నడిపేవి, వెనకవి అని మూడు అంకెల్లో చెబుతారు: రెండు, ఎనిమిది, రెండు. నేను ఎనిమిదింటినీ ఒకే వైపు గీసేశాను. ఆ లెక్క రెండు వైపులా కలిపి అని నాకు తట్టలేదు. మా బట్టకు ఇటు తిప్పినా అటు తిప్పినా అదే బొమ్మ. ఇంకో పక్కన ఇంకేదో ఉంటుందన్న అనుమానం మా పనిలో అలవాటు కాదు. బావ విషయంలోనూ నన్ను ముంచింది ఆ అలవాటే.

జెర్రిని చించేసి ఫోటో ముందు పెట్టుకుని మళ్ళీ గీశాను. ఈసారి ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్క భాగం అడిగింది. ఏ గీత ఎందుకో తెలియకుండా ఆమె చిటికి వేయదు. ముందున్న సిలిండర్ నుంచి పెద్ద చక్రం దాకా ఏటవాలుగా పోయే కడ్డీ మీద వేలు పెట్టింది.

"గిదెందుకు?"

"ఆవిరి బలం చక్రానికి అందేది దీనితోనే."

"గిది లేకుంటే?"

"లేకుంటే ఎంత మండించినా కదలదు. ఉత్త నీళ్ళ కాగు."

"అయితే జర గట్టిగనే కడత," అంది.

నల్లటి నేల మీద తెల్లటి ఇంజన్ మగ్గం మీద లేచిన రోజు మేమిద్దరం బావ షెడ్డుకు పోయి చూశాం. మా నేతలో ఏ గీతా కత్తితో కోసినట్టు ఉండదు. అంచులు అదురుతాయి. చిలకలకూ ఏనుగులకూ అది లోపమని నేననుకునేవాణ్ణి. ఇంజన్‌కు మాత్రం ఆ అదురే ప్రాణమైంది. ఫోటోలో నిలబడి ఉన్నది, బట్ట మీద పరుగెడుతున్నట్టుంది. ఎవరో తుక్కు చేసినదాన్ని మేము నడిపించామని నాకు అనిపించింది. నా భార్య వేళ్ళ కొసలు రబ్బరు లాగి లాగి పగిలిపోయి ఉన్నాయి. వాటిని చూశాను. చూసి ఇంజన్ వైపు తిరిగాను.

అలా నాలుగైదేళ్ళలో ఆ కంపెనీ ఇంజన్లలో రకానికొకటి చొప్పున గోడకు వేలాడదీసే బట్టల మీదికి తెచ్చాం. పొగ పోయి పోగు మిగిలింది అని నేను చమత్కరిస్తే నవ్వేది మా ఇంట్లో నేనొక్కణ్ణే.

హైదరాబాదులో ఏదో చేనేత పోటీ ఉందని, వీటిని పంపుదామని బావ వచ్చాడు. మా పనిలో గ్రాఫు గీసినవాడు సంతకం పెట్టే ఆచారం లేదు. బట్ట ఎవరి షెడ్డులో నేస్తే వాళ్ళదే. అది తెలిసీ నోరు తెరిచి అడిగాను.

"బావా, కాగితంల నా పేరు గూడ ఉంటదా?"

"నీకెందుకు ఫికర్ బామ్మర్ది. పేరు సంగతి నేను చూసుకుంట."

చూసుకున్నాడు. తనది.

బహుమతి మా ఇంజన్లకే వచ్చింది. అది ఇచ్చే సభకు నేను కొత్త చొక్కా వేసుకుని పోయి మూడో వరసలో కూర్చున్నాను. వేదిక మీదావిడ రూపకల్పన, చిటికి, నేత అన్నీ ఒక్కరివేనని చదివి మా బావను పిలిచింది. ఆయన ఎడమ చేత్తో గ్రాఫు కాగితం కూడా పట్టుకున్న పాపాన పోలేదు. శాలువా కప్పించుకుని మైకు అందుకున్నాడు.

"మా తాత ఆలేరు టేసన్ల గీ ఇంజన్లను చూసిండు. ఇంటికొచ్చి నాకు చెప్తుండె. ఆయన కండ్లల్ల ఉన్నయి నా మగ్గం మీదికొచ్చినయి."

అమెరికాలో అమెరికా పట్టాల మీద తిరిగి అక్కడే తుక్కైన ఇంజన్లు ఆలేరుకు ఎట్లా వచ్చాయని సభలో ఎవరూ అడగలేదు. నేతలు చప్పట్లు కొట్టారు, నేసినవాళ్ళూ కొట్టారు. సిగ్గుతో చెబుతున్నాను, నేనూ కొట్టాను. పక్కవాళ్ళు కొడుతుంటే చేతులు ఊరుకోలేదు.

మర్నాడు అక్క లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చింది. నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

"తమ్మీ, మీ బావకు పేరొస్తె నీకొచ్చినట్టు గాదా?"

"అట్లయితే నాకొచ్చినప్పుడు బావకు వచ్చినట్టే గద అక్క. ఒక్కసారి గట్ల చేద్దాం."

అక్క డబ్బా అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. నేను ఇల్లంతా తిరుగుతూ చాలాసేపు మాట్లాడాను. ద్రోహం అన్నాను, దోపిడీ అన్నాను, కళాకారుడి గుర్తింపు అన్నాను. నా భార్య నూలు సర్దుతూ విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"నీ పేరు బావ రాయలే. మరి నా పేరు నువ్వేడ రాసినవ్?"

చాప కింద పెట్టిన గ్రాఫులన్నీ తీశాను. ఎవరికీ కనిపించకపోయినా, ప్రతి కాగితం కుడి మూలన చిన్న అక్షరాలతో నా పేరు ఉంది. వంకీలు తిప్పి అందంగా రాసుకున్నాను. ఆమె పేరు ఒక్క కాగితం మీద కూడా లేదు. అన్నేళ్ళలో అది రాయాలని నాకు తోచనే లేదు. ఆ అమెరికా పట్టికలో తయారుచేసినవాళ్ళకు ఒక గడి విడిగా ఉందని అందరికీ చెప్పుకుని తిరిగినవాణ్ణి నేనే.

అక్క తెచ్చిన లడ్డూ తిన్నాను. అది బాగానే ఉంది, అదింకో బాధ.

కొన్నాళ్ళకు బావ మళ్ళీ వచ్చాడు. కొత్త జిల్లాలు పుట్టి మా ఊరు నల్గొండ జిల్లా చేయి జారినా, బావకున్న పరిచయాలు మాత్రం జారలేదు. నల్గొండలో ఒక పెద్ద ఆఫీసు హాలులో గోడ నిండా ఉండేలా ఒకే ఒక ఇంజన్ కావాలని అడిగారట. శాలువా వచ్చాక ఆయన మాటలో ఒక మెత్తదనం వచ్చింది.

"చిన్న పని బామ్మర్ది. నీ చేతికి ఎంతసేపు."

ఎంతసేపో తెలియనివాళ్ళే ఆ మాట అంటారు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. లోపలి నుంచి నా భార్య గొంతు వినిపించింది.

"చేస్తడు అన్నా. చిటికి గూడ నేనే కడత."

"మా చెల్లె బంగారం," అని బావ వెళ్ళిపోయాడు.

నేను ఆమె మీదికి లేచాను. ఆమె నన్ను కూర్చోమని, గ్రాఫు గీయమంది. ఇదివరకటి కంటే శ్రద్ధగా గీయమంది. గీశాను. రెండు, ఎనిమిది, రెండు. గంట, పొగగొట్టం, నీళ్ళ ట్యాంకు, కడ్డీ అన్నీ సరిగ్గా. కుడి మూలన ఈసారి ముందు ఆమె పేరు రాసి, కింద నాది రాశాను. ఆమె చూసి, "ఇప్పుడు యాదికొచ్చిందా," అని మాత్రం అంది. తర్వాత బొగ్గు ముక్క తీసుకుని కడ్డీ చక్రాన్ని తాకే చోట గళ్ళను అడ్డంగా కొట్టేసింది. రెండే వరసలు.

"గీడ చిటికి కట్ట," అంది.

కట్టని చోట రంగు ఎక్కుతుంది. తెల్లటి కడ్డీ చక్రం దాకా వచ్చి, అందుకోబోయి, బెత్తెడు దూరంలో నలుపులో ఆగిపోతుంది. నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ తర్వాత మేమిద్దరం చాలా రోజులకు కలిసి నవ్వుకున్నాం. నా చమత్కారాలకు రాని నవ్వు అది.

బావ షెడ్డులో నేశారు, బావ చేతుల మీదుగా గోడకెక్కించారు. ఒకసారి ఏదో సర్టిఫికెట్ కోసం నల్గొండ పోయినప్పుడు మేమూ చూశాం. బల్ల దగ్గరున్న అటెండరు, "మంచిగున్నది గదా, ఉరుకుతున్నట్టే ఉన్నది," అన్నాడు. నా భార్య దగ్గరికి పోయి తల ఎత్తి చూసింది. "అవ్ బిడ్డా, మంచి కాగు," అంది. అతను అదేదో మెచ్చుకోలు మాటనుకున్నాడేమో, తలూపాడు. కింద ఫలకం మీద బావ పేరు ఇత్తడి అక్షరాల్లో మెరుస్తోంది. ఆ మెరుపు నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. అలాంటి ఫలకాలు అంత తేలిగ్గా ఊడవు.

మొన్న ఎండాకాలంలో బావ ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ నడిపిన పెద్దమనిషి ఎవరో ఆ ఆఫీసుకు ఏదో పని మీద వచ్చాడట. గోడ ముందు చాలాసేపు నిలబడి, పెద్దసారుతో, ఇది జన్మలో కదలదు, దీన్ని చేసినవాడెవడో పిలవండి అన్నాడట. పెద్దసారు బావను పిలిపించాడు. పెద్దసారూ ఆ పెద్దమనిషీ జవాబు కోసం లోపలే కూర్చుని ఉన్నారు. బావ వరండాలోకి వచ్చి నాకు ఫోన్ చేస్తున్నాడు.

"బామ్మర్ది, చక్రం కాడ జర తెగినట్టున్నదట. ఎందుకట్లున్నదని అడుగుతున్రు. ఏం చెప్పాలె?"

నా భార్య ఆసు దగ్గర నుంచి తలెత్తి చూసింది. నేను ఫోన్ ఆమెకు కూడా వినపడేలా పెట్టాను.

"నాకేం తెలుసు బావా," అన్నాను. "మీ తాతను అడుగు. ఆలేరుల చూసింది ఆయనే గద."