విమలమ్మ ఆంటీ శుక్రవారాలు

2011లో నేను రాయపూర్‌లో, టాటీబంధ్ వైపు ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. అప్పటికే నర్సుగా పదమూడేళ్ళ సర్వీసు. వార్డుల్లో నిలబడి నిలబడి నడుం పట్టేస్తే మేట్రన్ జాలిపడి నన్ను కింద, బయటి రోగుల్ని చూసే ఓపీడీకి మార్చింది. మందుల కౌంటరు పక్కన ఒక చిన్న గది, తలుపు మీద 'డయాబెటిస్ ఎడ్యుకేటర్' అని బోర్డు. షుగర్ ఉన్నవాళ్ళకి ఆ జబ్బుతో రోజూ ఎలా బతకాలో నేర్పే మనిషి అన్నమాట. డాక్టరు రెండు నిమిషాల్లో చీటీ మీద రాసేసిందాన్ని నేను అరగంట కూర్చోబెట్టి విడమరిచి చెప్పాలి. సూది ఎక్కడ పొడుచుకోవాలి, మందు ఎంత లాగాలి, వేలు గుచ్చి గ్లూకోమీటరులో షుగర్ ఎలా చూసుకోవాలి, పాదాలు ఎలా కాపాడుకోవాలి, ఇలాంటివి.

ఆ పని నాకు బాగా నచ్చింది. నాకు మాట్లాడటమంటే మొదట్నుంచీ ఇష్టం. చెప్పినట్టు చేయనివాళ్ళని కోప్పడటం ఇంకా ఇష్టం. ఓపీడీలో నన్ను 'డాంట్‌నేవాలీ సిస్టర్' అనేవాళ్ళు, అంటే తిట్టే సిస్టరని. నిజం చెప్పాలంటే ఆ పేరు విని లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

విమలమ్మ ఆంటీ మా చర్చి మనిషే. మా నాన్నా, ఆవిడ భర్త దానియేలు అంకులూ కోస్తా నుంచి రైల్వే ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రైల్వే కాలనీలో మా తెలుగు చర్చి. అందులో స్త్రీల సమాజానికి ఆంటీయే పెద్ద. పాట ఆవిడే ఎత్తుకోవాలి, ఎవరింట్లో ప్రార్థన పెట్టాలన్నా ఆవిడే చెప్పాలి. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసిందంటే పిల్లలు బెంచీల కింద నక్కేవాళ్ళు. ఆ నక్కిన పిల్లల్లో నేనూ ఉన్నాను.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఆవిడ కుంటుకుంటూ మా గదిలోకి వచ్చింది. అప్పటికి వయసు యాభై ఆరు. కుడికాలి బొటనవేలి కింద పుండు, షుగర్ మూడు వందలు దాటి ఉంది. డాక్టరు మాత్రలు సరిపోవని పొద్దునా సాయంత్రమూ ఇన్సులిన్ రాశారు. సర్జన్ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఆరు వారాల్లో షుగర్ అదుపులోకొచ్చి పుండు మానితే సరే, లేదంటే వేలు తీసేయాల్సి వస్తుందని.

ఆవిడకి నేర్పడానికి నేను మామూలు కంటే ఎక్కువ కష్టపడ్డాను. ఆసుపత్రిలో పంచే కాగితాలన్నీ హిందీలో ఉండేవి. వాటిలో ఉన్నవి రొట్టెలు, దలియా అనే గోధుమ నూక జావ. అన్నం తినే మనిషికి అవేం ఉపయోగమని తెల్లకాగితం మీద గీతలు గీసి, తెలుగులో గడులు రాసిచ్చాను. రోజుకో వరస. ఒక గడిలో షుగర్ ఎంతుందో, ఒక గడిలో సూది వేసుకున్నారో లేదో, ఒక గడిలో ఏం తిన్నారో రాయాలి. చివర్లో నా అలవాటు ప్రకారం గట్టిగా చెప్పాను. సూది ఒక్క పూట కూడా మానకూడదని, మానితే ఊరుకోనని.

ఆంటీ నా ఎదుట బడిపిల్లలా తలాడించింది. చిన్నప్పుడు నేను భయపడ్డ మనిషి నా మాట వింటోందంటే ఎంత గర్వంగా ఉండిందో.

వారానికోసారి కాగితం పట్టుకొచ్చేది. ముత్యాల్లాంటి అక్షరాలు. సూది గడిలో ఒక్క ఖాళీ కూడా లేదు. తిండి గడి అక్కడక్కడా ఖాళీగా ఉండేది, రాయడం మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టి, కింద 'శభాష్' అని కూడా రాశాను. ఆ టిక్కులు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో వారంలో ఆవిడ మధ్యాహ్నం ఇంట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరు ఇన్సులిన్ తగ్గించారు. దాంతో మిగతా రోజుల్లో షుగర్ మళ్ళీ ఎక్కింది, పుండు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఆ మరుసటి వారం మళ్ళీ పడిపోయింది. ఈసారి దానియేలు అంకుల్ కూడా వచ్చారు. ఆయన చాలా నెమ్మదస్తులు, గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఈ సూయీ మాకొద్దమ్మా" అన్నారు. "ఇది మొదలెట్టిన కాణ్ణుంచీ మనిషి పడిపోతంది. భన్‌పురిలో ఒకాయన జడీబూటీ ఇస్తాడంట. బస్, అదే వాడతాం."

వేరుమందు మీద ఒక్క నెల గడిచిందంటే, వేలు కాదు పాదమే పోవచ్చు. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని కాగితాలన్నీ వరసగా పరిచాను. అప్పుడు కనిపించింది. తిండి గడి ఖాళీగా ఉన్నవి ఏవో రోజులు కావు, వారానికొకటి, సరిగ్గా ఏడేసి రోజుల ఎడం. గోడ మీద క్యాలెండరు చూశాను. అన్నీ శుక్రవారాలే. పడిపోయిన రెండు రోజులూ శుక్రవారాలే.

మా చర్చిలో ప్రతి శుక్రవారం పదింటి నుంచి ఒంటిగంట దాకా స్త్రీల ఉపవాస ప్రార్థన. ఇది నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మ బతికినంతకాలం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళేది. డ్యూటీ ఉండి నేను వెళ్ళలేకపోయేదాన్ని, అంతే. వేరే ఊరి నర్సయితే 'మీరేమైనా ఉపవాసాలుంటారా' అని అడిగేదేమో. మనవాళ్ళే కదా, నాకు తెలియందేముందని నేను అడగలేదు.

"ఆంటీ, శుక్రవారం పొద్దున ఏం తింటున్నారు?"

"అది దేవుడికీ నాకూ మధ్య సంగతి. నీకెందుకు చెప్తాను?" అంది ఆంటీ.

"మరి సూది?"

"నువ్వే కదే ఒక్క పూట మానొద్దన్నావు."

ఉపవాసాన్ని పదిమందికి చెప్పుకుంటే దానికి విలువ లేదని మావాళ్ళ నమ్మకం. అందుకని ఆవిడ నాకు చెప్పలేదు, గడిలో రాయలేదు. అబద్ధం మాత్రం రాయలేదు, ఖాళీగా వదిలేసింది. దేవుడి మాటా నిలబెట్టింది, నా మాటా నిలబెట్టింది. పొద్దున ఎనిమిదింటికి సూది వేసుకుని, కడుపులో ఏమీ లేకుండా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ఇన్సులిన్ లోపలికి వెళ్ళాక తిండి పడకపోతే షుగర్ పాతాళానికి పోతుంది. మేం దాన్ని 'హైపో' అంటాం. దానివల్ల మనిషి ప్రాణం కూడా పోవచ్చు.

తప్పు నాదని తెలిసినప్పుడు నాకు కోపం ఎక్కువవుతుంది. అది నా జబ్బు. వేలు కావాలో ఉపవాసం కావాలో తేల్చుకోమన్నాను. ఆవిడ ఆ శుక్రవారాలు ఇరవై రెండేళ్ళుగా ఉంటోంది. నాలుగేళ్ళ కొడుక్కి కామెర్లు ముదిరి ఆశ వదులుకున్నప్పుడు మొక్కుకున్న మొక్కు అది. ఇప్పుడు వాడికే ఒక కొడుకు. ఆ మాట అంకుల్ చెప్తుంటే కూడా నేను తగ్గలేదు.

ఆంటీ పైట సర్దుకుని లేచింది. "వేలు పోతే తొమ్మిదింటితో నడుస్తాను" అనేసి వెళ్ళిపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన హిందీలో నెమ్మదిగా ఒకటే అడిగారు, ఆవిడని అడిగావా, తిట్టావా అని. రంజాన్‌కి నెల ముందే రోజా ఉపవాసాలుండే పేషెంట్లు వచ్చి మందులు ఎలా మార్చుకోవాలో అడుగుతారట. అడగొచ్చని వాళ్ళకి తెలుసు, మీవాళ్ళకి ఎవరు చెప్పారు అన్నారు. అయితే ఈవిడకి పుండు ఉంది, రెండుసార్లు పడిపోయింది కాబట్టి ఇప్పుడు ఉపవాసం కుదరదు, మానాక చూద్దామన్నారు. నీ మాట వినకపోతే ఆవిడ వినే మనిషిని పట్టుకో అని కూడా చెప్పారు.

ఆవిడ వినే మనిషి పాస్టరు గారి భార్య ఒక్కరే. మేం అమ్మగారు అంటాం. ఆ సాయంత్రమే వెళ్ళాను. నేను హైపో లక్షణాలు చెప్తుంటే ఆవిడ చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశారు.

"పోయిన శుక్రవారం విమలమ్మ చెమటలు కక్కింది తల్లీ. వొణికింది, ఏదేదో గొణిగింది. ప్రార్థనలో మునిగిపోయిందనుకున్నాం. ఎవరం ముట్టుకోలేదు."

ఇరవైమంది ఆడవాళ్ళు, అందరికీ ఆవిడంటే ప్రాణం, ఆ వేలు మానాలని ఉపవాసం ఉండి ప్రార్థిస్తున్నవాళ్ళు. వాళ్ళ మధ్యలో ఆవిడ షుగర్ పడిపోయి కొట్టుకుంటుంటే భక్తి అనుకుని కదపకుండా వదిలేశారు. వాళ్ళని అనడానికేముంది? చెప్పాల్సినదాన్ని నేను. అమ్మగారు ఈ శుక్రవారం వచ్చి నువ్వే అందరికీ చెప్పు అన్నారు.

సెలవు పెట్టి వెళ్ళాను. హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. ఆంటీ ముందు వరసలో కూర్చుంది, నా మొహం చూడలేదు. నేను ఆవిడ పేరెత్తలేదు, ఎవరినీ కోప్పడలేదు. చెమటలు, వణుకు, తడబడే మాట, ఇవి కనిపిస్తే ప్రార్థన ఆపి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలని చెప్పాను. వెనక నుంచి జ్ఞానమ్మ అనే ఆవిడ లేచి, మాత్ర వేసుకుని ఉపవాసం ఉన్నా ఇలాగే అవుతుందా అని అడిగింది. కొన్ని మాత్రలకి అవుతుందన్నాను. ఇక్కడ షుగర్ ఉన్నవాళ్ళెవరని అడిగాను.

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే ఐదు. ఆరో చెయ్యి మరియమ్మ పిన్నిది, బీపీకి కూడా ఎత్తాలేమో అనుకుని ఎత్తింది. పక్కపక్క క్వార్టర్లలో ఉంటూ, ఒకరి కూర ఒకరు తింటూ, ఒకరికి షుగర్ ఉన్నట్టు ఇంకొకరికి తెలియదు. అందరూ ఆ పొద్దున మాత్ర మింగి ఖాళీ కడుపుతోనే వచ్చారు. మరి ప్రతి గురువారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ఎవరూ ఉపవాసం మానొద్దని చెప్పి వచ్చేది విమలమ్మ ఆంటీయే.

ఆవిడ వెనక్కి తిరిగి ఆ చేతులు చూసింది. ఒక్కొక్కటీ చూసింది.

"వీళ్ళకీ నాలాగే అవుద్దా?"

"అవ్వొచ్చు ఆంటీ. మీరు సూది మానేశారు కదా, పర్లేదు."

"నువ్వు మానమన్నావా?" అంది. "అంకుల్ వద్దన్నా వేసుకునే వచ్చాను."

ఒక్క ఉదుటున సంచీలోంచి మీటరు తీసి వేలు గుచ్చాను. యాభై ఎనిమిది. ఆవిడ నుదుటి మీద అప్పటికే సన్నగా చెమట పట్టింది. నేను అంత కోప్పడినా, ఇంట్లో మొగుడు వద్దన్నా, ఆవిడ నా మాట తప్పలేదు. అక్కడే, అందరి ముందూ నాకు ఏడుపొచ్చింది.

నేను పంచదార కోసం లేచేలోగా ఆవిడే లేచింది. అమ్మగారి వైపు ఒకసారి చూసింది. ఒంటిగంటకి ఉపవాసం విరమించేటప్పుడు ఇవ్వడానికని వెనక గదిలో ఉప్మా, టీ సామాను పెట్టి ఉంటాయి. మొక్కు మనిషి కాబట్టి ఆంటీ ఎప్పుడూ అవి ముట్టకుండా, చీకటిపడేదాకా ఉపవాసం ఉండేది. నేను ఇచ్చిన పంచదార నీళ్ళు నిలబడే తాగేసి, "నేను విరమిస్తన్నాను. చెయ్యెత్తినోళ్ళంతా నాతో రండి" అంది. ఆ గొంతు వింటే మా చర్చిలో ఎదురుచెప్పేవాళ్ళు లేరు. బీపీ మరియమ్మ పిన్నితో సహా అందరూ వెళ్ళి ఉప్మా తిన్నారు. తన ప్రాణం గురించి, తన వేలు గురించి చెప్తే మొక్కు విడవని మనిషి, ఆ ఐదు చేతుల కోసం విడిచింది.

తింటున్నప్పుడు రూతు అనే కొత్త కోడలు పక్కన కూర్చుని, "ఆంటీ, మీ శుక్రవారం ఇకనుంచి నేనుంటాను, మొక్కు పోదు" అంది. ఇంకో నలుగురు మేమూ వంతులేసుకుంటామన్నారు. ఆంటీ కళ్ళు తుడుచుకోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

వేరుమందు సంగతి అంకుల్ మళ్ళీ ఎత్తలేదు. డాక్టరు ఇన్సులిన్ మళ్ళీ సరిచేశారు. సర్జన్ గొణుక్కుంటూనే ఇంకో మూడు వారాలు గడువిచ్చాడు. తొమ్మిదో వారంలో పుండు పూడింది. ఆదివారం ఆరాధన అయ్యాక చివరి బెంచీలో షుగర్ ఉన్నవాళ్ళంతా ఒక మీటరు పెట్టుకుని కూర్చోవడం అప్పుడు మొదలైంది. ఎవరికి ఏ కూర పడింది, ఎవరి కాలికి ఏ చెప్పులు బాగున్నాయి, ఎవరు దొంగతనంగా హల్వా తిన్నారు, అన్నీ అక్కడే తేలతాయి. తిట్టేపని ఆంటీ తీసుకుంది. నాకంటే బాగా తిడుతుంది.

నేను ఆసుపత్రిలో నా కాగితంలో ఒక గడి పెంచాను. ఏం తింటారని అడగడం కన్నా ముందు, ఏ రోజు తినరని అడగడం నేర్చుకున్నాను. అడిగి నోరు మూసుకుని కూర్చోవడం కూడా నేర్చుకున్నాను, అది నాకు ఇంకా కష్టమైంది. అలా మొదట అడిగింది ఒక ఛత్తీస్‌గఢీ అమ్మని. ఎనిమిదేళ్ళుగా షుగర్, ఎంతోమంది డాక్టర్లని చూసింది. నా ప్రశ్న విని ముందు నా మొహంలోకి అనుమానంగా చూసింది. తర్వాత వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. సోమవారాలు, ఏకాదశులు, మొగుడి కోసం ఉండే తీజా, నవరాత్రుల తొమ్మిది రోజులు. రెండు చేతులూ అయిపోయాక నవ్వేసి, "ఇన్నాళ్ళకి అడిగావా బేటీ" అని కుర్చీ దగ్గరికి జరుపుకుంది.