నెమరు ఆపేసిన పెయ్య

మా పెయ్య దవడలు ఆడడం లేదని చూసిన క్షణమే నాకు భయం మొదలైంది. సాయంత్రం కొట్టంలో పడుకుని నెమరు వేస్తుండాల్సిన దూడ లేచి నిలబడి గోడ వైపు చూస్తోంది. ఎడమ డొక్క ఉబ్బింది. మూతి దగ్గరికి వంగితే పుల్లటి వాసన. పాశమైలారం కంపెనీల వైపు నుంచి గాలి తిరిగిన సాయంత్రాల్లో మా వాకిట్లోకి వచ్చే వాసన కూడా దాదాపు ఇలాగే ఉంటుంది.

వెంటనే నీళ్ల తొట్టి వైపు చూశాను. దాన్ని నింపేది మా బోరు. తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పిస్తాం కానీ, ఆటల్లో దాహమైతే పిల్లలిద్దరూ బోరు పైపుకే నోరు పెడతారు. ఇద్దరినీ పిలిచి నోళ్లు వాసన చూశాను. పెద్దది సిగ్గుపడింది. చిన్నోడు, "నేను బ్రష్ చేసిన అమ్మా, నిజంగ" అన్నాడు.

మా ఆయన అక్కడే ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. ఫోన్ చేశాను.

"ఇయ్యాల మీ దగ్గర కంపెనీ మురికినీళ్లు నాలాలకు ఏమన్న వదిలిండ్రా?"

"షిఫ్ట్‌ల ఉన్న. గివన్ని ఫోన్ల అడుగుతరా?"

"అంటే వదిలిండ్రు."

"నేనట్ల అన్ననా? ముందు డాక్టర్‌ను పిలువు."

లేదని మాత్రం అనలేదు. మర్నాటి రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే కూడా అదే గుచ్చుకుంటోంది.

పశువుల డాక్టర్ వచ్చేసరికి అత్తమ్మ కొట్టం ముందు కూర్చుని కంపెనీలను తిట్టిపోస్తోంది.

"గా నాలా పొంటి గడ్డి తిని ఎన్ని బర్లు ఖరాబైనయి సార్! అందుకే నేను పచ్చిగడ్డి బంద్ పెట్టిన. ఒక్క పోచ ఎయ్యలే. గట్లయినా దీన్ని ఇడువలే పాడు కంపెనోళ్లు."

డాక్టర్ పెయ్య డొక్క మీద పిడికిలి ఆనించి పొట్ట కదులుతోందా అని పట్టి చూశాడు. తర్వాత కింద పెండ చూశాడు. పలచగా ఉంది, అందులో మెతుకులు కనిపిస్తున్నాయి.

"పచ్చిగడ్డి బంద్ పెట్టి ఏం పెడుతున్నరమ్మా?"

"కొన్నొద్దులు ఉత్త వరిగడ్డే. బక్కగైంది పాపం. ఇగ ఈ నడుమ రుద్రారం హాస్టల్ల మిగిలిన అన్నం తెప్పిస్తున్న. మక్కపిండి కలిపి పొద్దుగాల ఒక బకీటు, మాపటికి ఒక బకీటు. సన్నబియ్యం అన్నం సార్! మన పిల్లలు తినేదే."

"గదే పరేషాన్ తెచ్చింది."

పెరిగే దూడకు తిండి పెరిగితే పేగులు, కార్జం, అంటే కాలేయం కూడా పెరుగుతాయట. తిన్నదాని బలంలో చాలా భాగం ముందు అవే వాడుకుంటాయట. తిండి తగ్గితే అవీ చిక్కిపోయి నెమ్మదిస్తాయి. అలా చిక్కిన పొట్టలో ఒక్కసారిగా అన్నం, పిండి పోస్తే అంతా పులిసి పొట్ట లోపలి పొర పుండవుతుంది. అక్కడి నెత్తురు నేరుగా వెళ్లేది కార్జానికే. "పొట్టల ఏది చెడినా ఆ బరువు మొదలు కార్జం మీదనే పడుతది" అన్నాడు. పుల్లటి వాసన కూడా పొట్టదే అన్నాడు.

నమ్మేస్తే హాయిగా ఉండేది. కానీ కంపెనీల జోలికి పోకుండా తప్పించుకోవడానికే ఇలా చెబుతున్నాడేమో అనిపించింది.

"నీళ్లు చూడకుండనే ఎట్ల చెప్తున్నరు సార్?"

"నీళ్లు మంచియని నేనెక్కడ అన్నమ్మా? దీని పొట్ట సంగతి చెప్పిన."

అత్తమ్మ ఊరుకోలేదు. "అన్నం తింటే రోగమొస్తదా? ఇగ మనమందరం మంచం పట్టాలె మరి!"

డాక్టర్ సూది వేసి, తినే సోడా కలిపిన నీళ్లు గొట్టంతో పొట్టలోకి పంపాడు. మెతుకు ముట్టనివ్వొద్దని, ఎండుగడ్డి కొద్దికొద్దిగా వేయమని చెప్పాడు. నెమరేస్తే బతికినట్టే. కార్జానికి ఎంత దెబ్బ తగిలిందో మాత్రం ఇప్పుడే తెలియదు, దూడ ఎదుగుతుందా లేదా అన్నది చూడాలి.

తెల్లారి వెళ్లేసరికి పెయ్య పడుకుని ఉంది. దగ్గరికి వెళ్తే దవడ మెల్లగా ఆడుతోంది. అత్తమ్మ నా మొహం చూడకుండా, మిగిలిన అన్నం తీసుకెళ్లి పెంటకుప్ప మీద పోసింది.

పిల్లలను లేపి కూర్చోబెట్టాను. పెయ్యకు అన్నం ఎక్కువై జబ్బు చేసిందని, అది ఎంత నోరు చాచినా ఏమీ పెట్టొద్దని చెప్పాను.

"అయితే బోరు నీళ్లు మంచియేనా అమ్మా?" అని పెద్దది అడిగింది.

"గది ఎవ్వరూ చెప్పలేదు బిడ్డా. నేను పరీక్షకు ఇస్తా. అప్పటిదాక పైపు దగ్గర నోరు పెట్టద్దు. స్నానం చేసేటప్పుడు గూడ నోరు గట్టిగ మూసుకోండ్రి" అన్నాను.