పడిపోయిందన్న లూప్

గుఢియారీలో రైలు పట్టాల పక్క సందులో తాయారమ్మ కుట్టిన జాకెట్టంటే తెలుగువాళ్ళకే కాదు, చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళకీ గురి. భర్త అచ్చయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇద్దరిదీ బొబ్బిలి దగ్గర పల్లె. ముగ్గురు ఆడపిల్లలు పుట్టాక, 1967లో, ఆమె కుటుంబ నియంత్రణ శిబిరానికి వెళ్ళి గర్భసంచిలో లూప్ వేయించుకుంది. రెండు నెలల తర్వాత చూపించుకోబోతే లూప్ దారం కనబడలేదు.

"గిర్ గయా హోగా, బాయీ" అంది శిబిరంలో ఆవిడ. తెలియకుండానే పడిపోయి ఉంటుందని చెప్పి పంపేసింది.

మరుసటి ఏడాది తాయారమ్మకి మళ్ళీ నెల తప్పింది. అచ్చయ్య నమ్మలేదు.

"అదెలా పడిపోద్ది? మగపిల్లాడి కోసం నువ్వే తీయించేసుకున్నావు. నాతో అబద్ధమెందుకే?" అన్నాడు.

నాలుగోదీ ఆడపిల్లే. పిల్లని ప్రాణంగా పెంచాడు గాని ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఏ చిన్న తగువొచ్చినా, "నీ మాట నమ్మమంటావా?" అనేవాడు. ఆమె మొదట్లో ఏడ్చింది. తర్వాత మానేసింది.

ఆ పిల్లకి మూడేళ్ళు నిండాక తాయారమ్మకి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ఒంటికి వెళ్తే మంట. వెళ్ళొచ్చి మిషను ముందు కూర్చోగానే మళ్ళీ వెళ్ళాలనిపించేది. వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ అన్నీ అయ్యాయి. డాక్టరు పరీక్ష చేయించి మూత్రంలో చీముందన్నాడు. మాత్రలు వేసుకుంటే పది రోజులు హాయిగా ఉండేది, మళ్ళీ మామూలే. షుగరేమోనని చూశారు, లేదు. మాటిమాటికీ లేవలేక ఆమె నీళ్ళు తాగడమే తగ్గించేసింది. దానితో మంట ఇంకా పెరిగింది. రిక్షా ఎక్కితే ప్రతి గుంతకీ పళ్ళు బిగబట్టుకునేది.

ఆరేళ్ళు అలాగే గడిచాయి. పక్కవాటాలోకి గుంటూరు వైపు నుంచి గ్రేస్ అనే నర్సు వచ్చింది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, తాయారమ్మ మూడుసార్లు లేచి వెళ్ళడం చూసింది.

"అక్కా, ధార మధ్యలో ఠక్కున ఆగిపోతుందా?"

తాయారమ్మ సిగ్గుపడి తల వంచుకుంది. "అవునమ్మా. కాస్త పక్కకి ఒరిగితే మళ్ళీ వస్తాది. కడాకి రక్తం చుక్క కూడా."

"రక్తమా! ఆరేళ్ళ నుంచీ ఒక్క ఎక్సరే అయినా తీయలేదా?"

మర్నాడే గ్రేస్ ఆమెని, సెలవు పెట్టించి అచ్చయ్యని, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టుకుని చూశాడు. నల్లటి ఫిల్ములో మూత్రాశయం ఉన్నచోట కోడిగుడ్డంత తెల్లటి రాయి. దాని లోపల మెలికలు తిరిగిన గీత.

"లూప్ కబ్ లగవాయా థా?"

"వేయించుకుని పదకొండేళ్ళయింది. అది పడిపోయింది కదా సార్" అంది తాయారమ్మ.

"గిరా నహీ. యహీ హై."

అది పడిపోలేదు, ఇదిగో ఇదేనని ఆయన చెబుతుంటే గ్రేస్ తెలుగులో చెప్పింది. లూప్ గర్భసంచి గోడని చీల్చుకుని మూత్రాశయంలోకి చేరింది, అందుకే నాలుగో కాన్పు ఆగలేదు. మూత్రంలోని లవణాలు దానిమీద పొరలు పొరలుగా పేరుకుని రాయి కట్టాయి. మాత్రలకి చీము తగ్గినా, రాయి ఉన్నంతకాలం అది తిరగబెడుతూనే ఉంటుంది.

తాయారమ్మ బల్ల మీద కూలబడింది. రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకుంది. "నా లోపలే ఉందా? ఇన్నేళ్ళూ నాలోనే ఉందా?" అని అదే మాట పదేపదే అంది. అచ్చయ్య ఫిల్ము చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని తలకిందులుగా పట్టుకున్న సంగతి కూడా తెలియలేదతనికి.

ఆపరేషన్ చేసి రాయి తీశారు. పగలగొడితే లోపల ప్లాస్టిక్ మెలిక చెక్కుచెదరకుండా ఉంది. స్టీలు ట్రేలో అది చూసి అచ్చయ్య వరండాలోకి పోయి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. సాయంత్రానికి గాని భార్య మంచం దగ్గరికి రాలేకపోయాడు.

"నిన్ను ఎన్ని మాటలన్నాను పార్వా..." అనబోయి తడబడ్డాడు. కంగారులో నోట్లోంచి పెద్దకూతురి పేరు వచ్చింది. "తాయారూ, నువ్వు నిజమే చెప్పావే."

"ఫొటో తీస్తేగాని నమ్మలేదు కదండీ" అందామె గోడవైపు చూస్తూ. ఆమె అతన్ని ఊరడించలేదు.

నెల తిరిగేసరికి మంట లేదు, నొప్పి లేదు. కానీ తాయారమ్మకి నిద్ర పట్టేది కాదు. అదే శిబిరంలో "పడిపోయింది" అనిపించుకున్న ఆడవాళ్ళు ఆ వీధిలోనే ఇంకో ముగ్గురున్నారు. ఒకరోజు గ్రేస్‌ని వెంటబెట్టుకుని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళింది. ఇద్దరు ఎక్సరే తీయించుకున్నారు. ఏమీ కనబడలేదు. మూడో ఆవిడ రంగనాయకమ్మ సిగ్గుతో రానంది.

"నీ సిగ్గు నాకూ ఉండేదమ్మా. ఆ రాయి నన్ను ఆరేళ్ళు కుదురుగా కూర్చోనివ్వలేదు" అంటూ తాయారమ్మ ఆమె గుమ్మంలో బైఠాయించింది. మధ్యాహ్నమయ్యాక రంగనాయకమ్మ చెప్పులేసుకుంది.