స్వర్ణలత గదిలో వాగు

బడి మూతపడిన రోజు బల్లలు, బోర్డులు, మైక్రోస్కోపులు అన్నీ లారీ ఎక్కాయి. సైన్సు ల్యాబులోని పెద్ద గాజు తొట్టి కూడా వెళ్లిపోయింది. అందులోని అయిదు చేపలను ఎవరో బకెట్లో వేసి వరండాలో వదిలేశారు.

స్వర్ణలత ఆ ల్యాబులో ఇరవై మూడేళ్లు అటెండరుగా చేసింది. సంతకం పెట్టి బయటికి వస్తూ బకెట్లోకి చూసింది. కొండవాగుల్లో రాళ్లను కరుచుకుని బతికే లోచ్ చేపలవి. బల్లపరుపు పొట్టలతో బకెట్ గోడకు అతుక్కుని, గబగబా ఊపిరి తీస్తున్నాయి. వాటిని తెచ్చి పెంచింది బయాలజీ టీచరు హదస్సా. ఆమె ఫిబ్రవరిలోనే వేరే బడికి మారిపోయింది. స్వర్ణలత ఫోన్ చేసింది.

"ఇక్కడ చోటు లేదు స్వర్ణా. ఏదైనా అక్వేరియం షాపులో ఇచ్చెయ్" అంది హదస్సా.

షాపుల్లో వాటిని నిలవ నీళ్లలో పెడతారని, అలా అవి ఎక్కువ కాలం బతకవని హదస్సా చెప్పిన పాఠమే. ఎవరో చెత్తబుట్టలో పడేసిన తొట్టి పాత ఫిల్టర్ స్పాంజిని స్వర్ణలత తడి ఆరకుండా కవర్లో చుట్టుకుంది. నీటిని శుభ్రంగా ఉంచే సూక్ష్మజీవులు దాంట్లోనే ఉంటాయి. బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని ఆటోలో చిలకలగూడ చేరింది. అక్కడ కమలాబాయి ఇంటి మేడ మీద ఒక్క గదిలో అద్దెకు ఉంటోంది.

వీధి చివర కూలర్లు బాగుచేసే ఖాజావలి నాలుగడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉన్న పాత తొట్టి ఒకటి వెతికి తెచ్చాడు. మొదట కూలర్ మోటారు పెట్టి చూశాడు. నీళ్లు ఒక మూలలోనే సుడి తిరిగాయి.

"టీచరమ్మా, గింత జోర్ సాలదు. నీళ్లు ఒక్క దిక్కే ఉరకాలె."

"నేను టీచర్ని కాదు భాయ్, అటెండర్ని."

"ఏదైతేంది? చేపల సంగతి నాకంటే నీకే ఎరుక."

రెండు పెద్ద మోటార్లు ఒక చివర బిగించాడు. రెండో చివర, స్వర్ణలత తెచ్చిన స్పాంజి ముక్కలు తొడిగిన పైపులు పెట్టి, వాటిని తొట్టి అడుగు మీదుగా మోటార్ల దాకా కలిపాడు. మోటార్లు నీటిని ఇటు నుంచి అటు విసురుతాయి. పైపులు అటు నుంచి తిరిగి లాక్కొస్తాయి. స్వర్ణలత గుండ్రాళ్లు ఏరుకొచ్చి, నీళ్లు పోసిన బేసిన్లలో వేసి మేడ మీద ఎండలో ఉంచింది. రెండు వారాలకు వాటి మీద పచ్చటి నాచు పట్టింది. లోచ్‌లకు అదే తిండి. అన్నాళ్లూ బకెట్ నీళ్లు పూటపూటకూ మార్చింది.

చేపలను వదిలిన సాయంత్రం అవి ప్రవాహానికి ఎదురెక్కి రాళ్ల మీద వాలాయి. కమలాబాయి మెట్లెక్కి వచ్చి చూసింది.

"నౌకరీ పోయి నువ్వే పరేషాన్‌ల ఉంటే గిదేంది బిడ్డా?"

"వీటికి నేను తప్ప ఎవరున్నారమ్మా?" అంది స్వర్ణలత. అన్నాక, తనకు మాత్రం ఎవరున్నారన్న ఆలోచన వచ్చి ముఖం తిప్పుకుంది.

మే మూడో వారం. పొద్దున పదకొండు గంటలకు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. మోటార్లు ఆగాయి. రేకుల కప్పు కింద గది కాగిపోతోంది. స్వర్ణలత మగ్గుతో నీళ్లు ముంచి, గాలి కలిసేలా ఎత్తు నుంచి తొట్టిలోకే పోయడం మొదలుపెట్టింది. కమలాబాయి ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా కవర్లో కట్టి తెచ్చింది. అది గంటలో కరిగిపోయింది. రెండింటికి స్వర్ణలత చెయ్యి లేవలేదు.

"జెర నువ్వు పక్కకు కూసో" అని కమలాబాయి మగ్గు అందుకుంది.

కరెంటు అయిదింటికి వచ్చింది. అప్పటికి మూడు చేపలు రాళ్ల మీది పట్టు వదిలి తేలాయి. కమలాబాయి తులసి పక్కనున్న మందార కుండీలో గుంత తవ్వింది. స్వర్ణలత వాటిని కాగితంలో పెట్టి తెచ్చింది. ఇద్దరూ కలిసి మట్టి కప్పారు.

జూన్లో స్వర్ణలత పని కోసం నాలుగు బడులు తిరిగింది. యాప్రాల్‌లోని ఒక బడిలో వయసు అడిగారు. నలభై తొమ్మిది అంది. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. చివరికి ఒక రక్తపరీక్షల కేంద్రంలో సీసాలు కడిగే పని దొరికింది. కరెంటు పోయినా ఆగకుండా ఖాజావలి పాత ఇన్వర్టరు, కారు బ్యాటరీ తెచ్చి మోటార్లకు కలిపాడు. పగలు ఆమె లేనప్పుడు కమలాబాయి ఒకసారి మెట్లెక్కి చూసి పోయేది.

అంత చేసినా, దసరా ముందు ఇంకొకటి పోయింది. ఎందుకో తెలియలేదు. మిగిలిన ఒక్కటీ తినడం తగ్గించింది, పగలంతా రాయి చాటునే ఉంటోంది.

దానికి తోడు తెద్దామని ఒక ఆదివారం స్వర్ణలత అక్వేరియం షాపుకు వెళ్లింది. కింది వరసలో, కదలని నీళ్లలో, ఆరు లోచ్‌లు గాజుకు అతుక్కుని ఉన్నాయి.

"ఏది కావాలె మేడం?" అని వల చేతిలో పట్టుకుని అడిగాడు షాపతను.

ఒకదాన్ని ఎంచుకుంటే అయిదింటిని అక్కడే వదిలినట్టు. ఆరూ తెస్తే, వచ్చే వేసవిలో ఎన్నింటిని పూడ్చాలో. ఆమె వంగి ఆరింటినీ మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది. షాపతను వల పక్కన పెట్టి వేరే బేరంలో పడ్డాడు. స్వర్ణలత చేప కోసం తెచ్చుకున్న ఖాళీ డబ్బాను సంచిలో పెట్టుకుని బయటికి వచ్చి, ఎండలో నడుచుకుంటూ ఇంటిదారి పట్టింది.