కొండలరావు కొన్న ఒంటి సీటు

కొమరోలు చుట్టుపక్కల గొర్రెల బేరం చేసేవాళ్లలో పోలమ్మ చేతికి ఉన్న పేరు ఇంకెవరి చేతికీ లేదు. గొర్రె నడుము మీద అరచెయ్యి వేసి ఒక్కసారి నొక్కిందంటే కండ ఎంతో, ఎముక ఎంతో చెప్పేస్తుంది. ఆమె మొగుడు కొండలరావుకు ఆ చెయ్యి లేదు, నోరు మాత్రం ఉంది. ఇరవై ఏళ్లుగా నొక్కి చెప్పేది ఆమె, మీసం దువ్వుకునేది అతను.

రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది అతను పాత బుల్లెట్ బండి కొన్నాడు. వారం వారం మార్కాపురం సంతకు ఇద్దరూ దానిమీదే పోయేవాళ్లు. సీటు చెక్కలా ఉండి, దిగేసరికి నడుములు పట్టేసేవి. కొత్త సీటు వేయిద్దామని మార్కాపురంలో సీట్లు కుట్టే వరప్రసాదం దుకాణానికి వెళ్లారు.

వరప్రసాదం రెండు సీట్లు చూపించాడు. ఒకటి ఇద్దరు కూర్చునే పొడుగు సీటు, చూడ్డానికి సాదాగా ఉంది. రెండోది ఒక్కరికే పట్టేది, చుట్టూ తోలు కుచ్చులు. పోలమ్మ అలవాటు కొద్దీ రెండింటినీ నొక్కి చూసింది.

"ఈ కుచ్చులది వద్దు. నొక్కితే ఇట్టే దిగిపోతాంది, అడుగున రేకు తగులుతాంది. పొడుగుదాంట్లో పట్టుంది."

"గొర్రెల్ని నొక్కే చేతికి సీట్ల సంగతి ఏం తెలుసే?" అన్నాడు కొండలరావు. దుకాణంలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"అన్నా, దీనికి వెనక చోటుండదు. అక్క యాడ కూచుంటాది?" అన్నాడు వరప్రసాదం.

"బస్సులో వస్తాది. వెనక కూచోని దారి పొడుగునా సణగడమే గదా ఆమె పని."

పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. "బస్సొచ్చేసరికి సంతలో మంచి జీవాలు మిగలవు. నేను లేకుండా ఏం కొంటావయ్యా?"

"నాకు కండ్లు లేవా ఏంది?"

వెనక చోటు పోతే సంతలో తన పనే పోయినట్టని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు, తెలిసే ఆ సీటు బిగించుకున్నాడు. పెళ్లాన్ని దుకాణం ముందే వదిలేసి ఊరేగుతూ పోయాడు ఆ మహారాజు. ఆమె కొమరోలు దాకా బస్సులో నిలబడే వచ్చింది.

మరుసటి వారం ఒక్కడే పోయి పద్దెనిమిది గొర్రెల్ని కొనుక్కొచ్చాడు. ట్రాలీ ఆటోలోంచి దించుతుంటే కడుపులు కుండల్లా కనిపించాయి. పోలమ్మ ఒక్కో నడుం మీదా చెయ్యి వేసింది. అన్నీ ఎముకలే. అమ్మినవాడు ఉప్పు నాకించి, కడుపునిండా నీళ్లు తాగించాడు. తెల్లారేసరికి డొక్కలు లోపలికి పోయాయి. కొత్త సీటు రేకు గుచ్చుకుని కొండలరావు నడుం కూడా పట్టేసింది. ఆమెకు జాలి కలగలేదు, కడుపు చల్లబడింది.

"పాత సీటు మళ్లీ బిగిస్తాలే, సంతకు రా," అన్నాడు మూలుగుతూ.

సంత రోజు అతను లేచి చూస్తే ఆమె ఇంట్లో లేదు. మార్కాపురంలో కనిపించింది. పక్క వీధి ఆదెమ్మ, వీళ్లకు ఎప్పుడూ పోటీగా కొనే మనిషి, ఆమెను సొంత ఆటోలో ముందు సీటులో కూర్చోబెట్టుకుని తెచ్చుకుంది. పోలమ్మ ఆమె కోసం పొట్టేళ్ల నడుములు నొక్కుతోంది.

కొండలరావు ఒక పొట్టేలును కొమ్ములు పట్టి ఈడ్చుకొచ్చి పెళ్లాం ముందు నిలబెట్టాడు. "పోలా, దీన్ని ఒక్కసారి చూడే."

ఆమె చెయ్యి చాచలేదు.

"సీటు నువ్వే ఏరుకున్నావు గదయ్యా. గొర్రెను కూడా నువ్వే ఏరుకో."