మేడంగారు కొట్టేసిన ముదురు నీలం

మా కెమిస్ట్రీ మేడంగారు పోయారని సోమవారం పొద్దున్న అమలాపురం నుంచి ఫోను వచ్చింది. సాయంత్రం ఆవిడ పనిచేసిన కాలేజీలోనే సంతాపసభ. ఆవిడ ల్యాబుకి తాళం వేయించిన కరస్పాండెంటుగారే మైకు పట్టుకుని, "ప్రాక్టికల్స్ అంటే మేడంగారేనండీ, ఆయ్" అని కళ్లొత్తుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ ప్రాక్టికల్స్ సంగతి నన్నడగండి. మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కలిపిన నీళ్లలో అమ్మోనియా పోస్తే ముందు లేతనీలం మడ్డి వస్తుంది. ఇంకా పోస్తే రాగి చుట్టూ అమ్మోనియా చేరి, మడ్డి కరిగి ముదురు నీలమవుతుంది. ఇంటర్‌లో మేమంతా సీనియర్ల రికార్డులు చూసి, "ముదురు నీలం వచ్చినది" అని ముందురోజే ఇంటిదగ్గర రాసుకొచ్చేశాం. తీరా చూస్తే సీసా మూత వదులై అమ్మోనియా ఘాటంతా పోయింది. ఎంత పోసినా మడ్డి కరగలేదు.

మేడంగారు నా టెస్ట్‌ట్యూబు కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు.

"ఏమ్మా, ముదురు నీలం ఏది?"

"పుస్తకంలో ఉందండీ."

"అయితే మార్కులు పుస్తకానికేస్తాను. మడ్డి వచ్చిందని రాసుంటే నీకేసేదాన్ని."

ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు. అందరివీ కొట్టేశారు. నేను ఉక్రోషంతో ఏడ్చాను. మర్నాడు కొత్త సీసా తెచ్చి మళ్లీ చేయించారు. ఈసారి మడ్డి కరిగి శంఖుపువ్వు రంగు వచ్చింది. "రాగైనా, నికెలైనా పక్కన ఎవరు చేరేరో దాన్నిబట్టి రంగు మారతాయి. చూడకుండా రంగు చెప్పేది మనుషులేనమ్మా" అన్నారు.

ఇలా మార్కులు కోస్తున్నారనే ల్యాబు మూయించారు. "ప్రాక్టికల్స్ మార్కులు ఎలాగూ పడతాయి కదండీ, టైం దండగ" అన్నారట కరస్పాండెంటుగారు. ఫ్లెక్సీలు దాచుకునే గదైంది అది. ఆవిడ మాత్రం రిటైరయ్యేదాకా సంచిలో నాలుగు టెస్ట్‌ట్యూబులు తెచ్చుకుని క్లాసులోనే చేసి చూపించారు. అలాంటి మనిషి ఫొటోకి ఈయన దండ వెయ్యడమా? ఆ దండ లాగిపారెయ్యాలనిపించింది.

లాగలేదు. ముమ్మిడివరం కాలేజీలో నేనూ కెమిస్ట్రీయే చెబుతున్నాను. మర్నాడు వెళ్లేసరికి నా బల్లమీద సంతకానికి రికార్డులున్నాయి. మా ల్యాబు ఈ ఏడాది ఒక్కరోజూ తెరవలేదు. అన్నింట్లోనూ "ముదురు నీలం వచ్చినది". నిరుడు ఇలాంటివాటి మీద వరసగా సంతకాలు పెట్టింది నేనే. సిగ్గేసింది.

ఎర్రపెన్ను తీసి పైనున్న రికార్డులో ఆ మాట కొట్టేసి, ఆ అమ్మాయిని పిలిచాను.

"పుస్తకంలో అలాగే ఉందండీ మేడం" అంది బిక్కమొహంతో.

ల్యాబు తాళంచెవి తెప్పించాను. ఆ పిల్ల మైలుతుత్తం నీళ్లలో చుక్కచుక్కగా అమ్మోనియా పోసింది. లేతనీలం మడ్డి లేచింది. టెస్ట్‌ట్యూబు కిటికీ వెలుతురుకి ఎత్తి, ఇంకో చుక్క పోసి, ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.